తవుడు నూనె కర్మాగారాల్లో గాలి ప్రసరణ: ఫ్యాన్ల లెక్క చాలదు

గోదావరి డెల్టాలో వరి విలువ బియ్యంతో ముగియదు. మిల్లులో వచ్చిన తవుడు నుండి నూనె తీస్తారు. నూనె తీసిన తవుడు భీమవరం, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువులకు మేతగా చేరుతుంది. మర ఆడిన వెంటనే తవుడులోని లైపేజ్ ఎంజైము కొవ్వును విడగొట్టి ఆమ్లతను పెంచుతుంది కనుక, నూనె తీసే కర్మాగారం మిల్లులకు చేరువలో ఉండటం లాభదాయకం. యువ పారిశ్రామికులను, రైతు ఉత్పత్తిదారుల సంఘాలను ఈ రంగం వైపు ప్రోత్సహించేటప్పుడు నాణ్యత, దిగుబడి, మార్కెట్టులతో సమానంగా గాలి ప్రసరణకూ స్థానం ఇవ్వాలన్నది ఈ వ్యాస ఉద్దేశం.

తవుడు నుండి నూనెను కరిగించి తీసే ద్రావకం హెక్సేన్. దీని ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు. సున్నాకు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా ఇది అంటుకోగల ఆవిరిని ఇస్తుంది. గాలిలో ఆ ఆవిరి 1.1 నుండి 7.5 శాతం వరకు ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఒక లీటరు హెక్సేన్ పూర్తిగా ఆవిరైతే సుమారు 190 లీటర్ల ఆవిరి ఏర్పడుతుంది. దానిని కనిష్ఠ జ్వలన పరిమితిలో నాలుగో వంతుకు పలుచన చేయడానికి దాదాపు 70 ఘనపు మీటర్ల గాలి అవసరం. ఆ గాలి ఆవిరితో కలిసినప్పుడే ఈ లెక్క నిజమవుతుంది. కప్పు దగ్గర తిరిగే ఫ్యాను ఎంత గాలిని తోసినా, నేలను అంటిపెట్టుకున్న ఆవిరి అంతగా కదలదు.

బియ్యపు మిల్లు అనుభవం ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మిల్లులో వేడి పోవడానికి పైన అమర్చిన ఫ్యాన్లు ఉపకరిస్తాయి. ఎలివేటరు అడుగుభాగం దిగే గొయ్యి అక్కడ సాధారణం. ద్రావక విభాగంలో అదే గొయ్యి ఆవిరి నిలిచే తొట్టి అవుతుంది. మురుగు కాలువలు, కేబుళ్ల కందకాలు కూడా అంతే. యాంత్రిక ప్రసరణ అవసరమైన చోట నేల నుండి 30 సెంటీమీటర్ల లోపు ఎత్తులోనే గాలిని లాగాలి. తాజా గాలి ఎదురు వైపు నుండి రావాలి. ఫ్యాను మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్ రకం కాకపోతే రక్షణ సాధనమే నిప్పుకు కారణం కాగలదు. నూనె తీసిన తవుడులో హెక్సేన్ మిగిలితే గోదాము కూడా ప్రమాద ప్రదేశమే. ఇందుకు భిన్నంగా, ఇదే డెల్టాలోని ఐసు ఫ్యాక్టరీల్లో, రొయ్యల శీతలీకరణ కర్మాగారాల్లో వాడే అమ్మోనియా వాయువు గాలి కంటే తేలిక. అక్కడ గాలి పైభాగం నుండి బయటకు పోవాలి. అన్ని షెడ్లకూ ఒకే నమూనా పనికిరాదు.

చిన్న పెట్టుబడిదారులకు ఇది భారమన్న అభ్యంతరం సహేతుకమే. అయితే ద్రావక విభాగాన్ని గోడలు లేకుండా తెరచి కట్టడం అన్నింటికన్నా చౌకైన మార్గం. కోస్తా గాలి చాలావరకు ఆ పని చేస్తుంది. కాని జల్లుకు పరదాలు దించిన రోజున, గాలి స్తంభించిన శీతాకాలపు రాత్రి ఆ ప్రసరణ ఉండదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుండి వెలువడిన సహజవాయువు అంటుకొని ఇరవై మందికి పైగా మరణించారు. సహజవాయువులో ప్రధానమైన మీథేను గాలి కంటే తేలిక, ఆ ప్రదేశం ఆరుబయలు; ఆ రెండూ అక్కడి ప్రజలను కాపాడలేదు.

ప్రమాదకర ప్రదేశాల వర్గీకరణకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 5572. ఈ వర్గీకరణలో ఆవిరి నిరంతరం ఉండే చోటు జోన్ 0, సాధారణ పనిలో ఏర్పడే అవకాశమున్న చోటు జోన్ 1, అరుదుగా, కొద్దిసేపు మాత్రమే ఉండే చోటు జోన్ 2. ఈ నిర్ణయానికి గాలి ప్రసరణ ఒక ముఖ్య ఆధారం. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే ఆ ఆధారమే పోతుంది. జోన్ 2 అని భావించి అమర్చిన విద్యుత్ పరికరాలు అప్పుడు సురక్షితం కాకపోవచ్చు. కనుక ఫ్యాను ఆగిన వెంటనే హెచ్చరిక మోగి, ద్రావకపు సరఫరా నిలిచే ఏర్పాటు ఉండాలి. ఆవిరిని గుర్తించే పరికరం నేలకు దగ్గరగా ఉండాలి. అంటుకునే వాయువు పోగుపడకుండా చూడాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను ఎప్పుడో నిర్దేశించింది.

విస్తరణ శాస్త్రవేత్తలు, వ్యవసాయ ఇంజినీరింగ్ విద్యార్థులు పరిశీలించే ప్రతి ప్రాజెక్టు నివేదికలో మూడు ప్రశ్నలకు సమాధానం వెదకాలి: ఆవిరి ఎక్కడ చేరుతుంది? గాలి ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుంది? ప్రసరణ ఆగితే ఏ యంత్రం ఆగుతుంది? వీటికి జవాబు లేని నివేదికను సిఫారసు చేయరాదు.