ఉరుముకి టికెట్ పెట్టండి

"తెలుగులో రాక్ లేదు" అనే మాట ఎక్కడ వినపడినా నాకు ఒళ్ళు మండుతుంది. బెంగుళూరులో వినపడుతుంది, హైదరాబాదులో వినపడుతుంది, ఈమధ్య మా అనంతపురంలో కూడా వినపడుతోంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పుస్తకాలు చదువుతారు, పింక్ ఫ్లాయిడ్ టీషర్టు వేసుకుంటారు. అచ్చుతో ముగిసే మన మాటలు గిటారు మీద నిలబడవని సిద్ధాంతం కూడా చెప్తారు.

సిద్ధాంతం పాతదే. 1970లో జర్మన్ భాష గురించి కూడా ఇట్లాగే అనేవాళ్ళు. రాక్ అంటే ఇంగ్లీషు, జర్మన్ అంటే రేడియోలో వచ్చే తియ్యటి ప్రేమపాట. దాన్ని వాదించి కాదు, పాడి అబద్ధం చేసినవాడు రియో రైజర్.

1950 జనవరి 9న పశ్చిమ బెర్లిన్‌లో పుట్టాడు. అన్నలతో కలిసి నాటకాలు వేశాడు. 1970లో స్నేహితులతో 'టోన్ స్టైనె షెర్బెన్' అనే బ్యాండ్ పెట్టాడు. పాట జర్మన్‌లోనే, అదీ వీధి జర్మన్‌లో. రికార్డుల కోసం కంపెనీల గడప తొక్కకుండా సొంత లేబుల్ పెట్టుకున్నారు. 1971 డిసెంబరులో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాళ్ళ కచేరీ అయ్యాక, విన్న కుర్రాళ్ళు నేరుగా పోయి మూతపడిన ఆస్పత్రి తాలూకు ఒక ఖాళీ భవనాన్ని ఆక్రమించారు. ఆ ఇంటి మీద రియో రాసిన పాట 1972 నాటి డబుల్ ఆల్బంలో ఉంది.

ఇక్కడిదాకా అందరికీ నచ్చే కథే. మిగతా సగం ఎవరూ చెప్పరు.

ఏ సభ జరిగినా, ఏ సమ్మె జరిగినా ఆ బ్యాండే రావాలి. వచ్చి ఊరికే పాడాలి. టికెట్ పెడితే 'విప్లవాన్ని అమ్ముకుంటున్నారు' అని తిట్లు. 1975లో వాళ్ళు బెర్లిన్ వదిలి ఉత్తరాన ఫ్రెసెన్‌హాగెన్‌లో ఒక పొలం ఇంటికి వెళ్ళిపోయారు. 1985లో అప్పులు మోయలేక బ్యాండ్ విడిపోయింది. మరుసటి ఏడు రియో పెద్ద కంపెనీకి ఒంటరిగా పాడి హిట్ కొడితే, అమ్ముడుపోయాడన్నారు. ఇన్నేళ్ళు ఉచితంగా విన్నవాళ్ళే! 1996 ఆగస్టు 20న, 46 ఏళ్ళకే పోయాడు. 2022లో బెర్లిన్‌లో ఒక కూడలికి అతని పేరు పెట్టారు. బతికున్నప్పుడు టికెట్ డబ్బులు దండగ. చచ్చిపోయాక రాతిఫలకం ముద్దు.

నవ్వొద్దు, మనదీ అదే సంగతి. గద్దర్ రియో కంటే కాస్త పెద్ద. బుర్రకథ నుంచి వచ్చి జననాట్యమండలికి గొంతు అయ్యాడు. గొంగడి, కర్ర, గజ్జెలు, వెనకాల డప్పు: బ్యాండ్ కాదంటే అది ఇంకేంది? కంపెనీలు లేకుండా పాటల పుస్తకాలు, క్యాసెట్లు ఊరూరా తిరిగాయి. 1997 ఏప్రిల్ 6న అతని ఒంట్లో తూటాలు దిగాయి. 2023 ఆగస్టు 6న కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకి అతని పేరు. ఎక్కువగా సినిమా బయటే పాడినవాడి పేరు సినిమా అవార్డులకి! ఆ డప్పు కొట్టినవాళ్ళ పేర్లు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

ఇంక మా సీమకి వస్తాను. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన మాది. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే నేల. ఈ నేలలో ఒక వాయిద్యం పేరు ఉరుము. వాయించేవాళ్ళు దళితులు. ఒక పక్క పుల్లతో రుద్దితే మబ్బు గొణిగినట్టు ఉంటుంది, రెండో పక్క దెబ్బ పడితే గుండెల్లో పడుతుంది. జాతరలో పదిమంది వరసకట్టి అడుగేస్తే నీ స్పీకర్లు యాడికి పనికొస్తాయి నాయనా? దీన్ని మనం 'జానపదం' అనే అరలో పెట్టి తాళం వేశాం. పోయినేడు ఒక పెద్ద సభకి ఈ బృందాన్ని పిలిచి గేటు దగ్గర నిలబెట్టారు. అతిథుల కార్లు వచ్చినప్పుడల్లా వాయించాలంట. సాయంత్రం తలా ఒక శాలువా. శాలువాతో ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?

'ఉరుము రాక్ ఎట్లా అవుతుంది?' అంటారు. రెండూ ఒకటే అని నేను అనడం లేదు. కానీ రాక్ పుట్టింది బ్లూస్ నుంచి. బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణాన పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ళ గొంతుల్లోంచి. అక్కడి కూలివాడి పాటకి వంశవృక్షం గీస్తాం, ఇక్కడి కూలివాడి వాయిద్యానికి గేటు చూపిస్తాం. లేనిది రాక్ కాదు, మన చెవి.

ఇంకొందరు, 'పాట ప్రజల సొత్తు, దానికి వెల కట్టకూడదు' అంటారు. పాట ప్రజలదే, ఒప్పుకున్నా. బస్సు చార్జీ ఎవరిది? ఆ రోజు పోయిన కూలి ఎవరిది? ఉచితం అనేది ఎప్పుడూ ఉచితం కాదు. వినేవాడు కట్టకపోతే వాయించేవాడు కడతాడు. షెర్బెన్ 15 ఏళ్ళు కట్టీ కట్టీ మునిగింది. కులం పేరుతో ఊరికి వెట్టిగా వాయించినవాళ్ళు తరతరాలుగా కడుతూనే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోయి 'కళకి వెల కట్టకండి' అని చెప్పడం ఆదర్శం కాదు. అది వెట్టికి కొత్త చొక్కా తొడగడం.

కాబట్టి సన్మానాలు ఆపండి. హాలు తీసుకోండి, టికెట్ పెట్టండి, గిటారు బ్యాండ్‌కి ఎంత పెడతారో అంతే పెట్టండి. పోస్టరు మీద నాయకుడి పేరొక్కటే కాదు, వాయించే ప్రతి ఒక్కరి పేరూ వెయ్యండి. వాళ్ళని గేటు దగ్గర కాదు, వేదిక మీద నిలబెట్టండి. లైట్లు ఆర్పి, ఫోన్లు లోపల పెట్టుకుని గంటసేపు వినండి. డబ్బు అదే రాత్రి చేతిలో పెట్టండి. ఇంత చేసిన తర్వాత కూడా తెలుగులో రాక్ లేదనిపిస్తే, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.