తుక్కులో పోవుచున్న టంగ్‌స్టను

విజయవాడ ఆటోనగరమునందు గాని, హైదరాబాదు బాలానగరమునందు గాని ఏ చిన్న కార్ఖానాలోనికి పోయి చూచినను, లేతు యంత్రముపై తిరుగుచున్న యినుపకడ్డీని వ్రేలిగోరంత బిళ్ల యొకటి చెక్కుచుండుట కనబడును. పనివారు దానిని ఇన్సర్టు అందురు. యంత్రము ఖరీదు లక్షలు, బిళ్ల ఖరీదు వందలు. కాని బిళ్ల లేనినాడు ఆ యంత్రము ఊరక తిరుగు చక్రమే. మోటారుబండ్ల యిరుసులు మొదలు ఫిరంగి గొట్టముల వరకు ఈ మొన క్రిందనే రూపము దాల్చవలసియున్నది. ఇట్టి వస్తువును అనేక కార్ఖానాలలో అరిగినంతనే పాతయినుముతో కలిపి పారవేయుచున్నారు. ఈ యలవాటును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

ఈ బిళ్ల ఉక్కు కాదు. టంగ్‌స్టను లోహమును బొగ్గుపదార్థముతో కూర్చి చేసిన కార్బైడు పొడికి కోబాల్టును చేర్చి, అచ్చున నొక్కి, సుమారు 1400 డిగ్రీల వేడిమిలో కాల్చి గట్టిపరతురు. కోబాల్టు కరగి రేణువులను సున్నమువలె పట్టియుంచును. పైనున్న పసిడివన్నె టైటేనియం నైట్రైడు పూత. మెత్తని యుక్కును హైస్పీడు స్టీలు పనిముట్టు నిమిషమునకు సుమారు 30 మీటర్ల వేగమున కోయగా, పూత గల కార్బైడు బిళ్ల 200 మీటర్లను దాటి కోయగలదు. ఒక టర్నరు దినమంతయు చేయు పని పూటలోపల ముగియుట దీని చలవయే.

దీని జననము చిత్రమైనది. విద్యుద్దీపములలోని సన్నని టంగ్‌స్టను తీగను లాగుటకు వజ్రపు అచ్చులు కావలసియుండెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకై జర్మనీలోని ఓస్రాం దీపముల కంపెనీవారు వెదకగా వెదకగా ఈ పదార్థము దొరకినది. 1923లో కార్ల్ ష్రోటరు దీనికి పేటెంటు కోరెను. 1926లో క్రుప్ కంపెనీ దానికి ‘విడియా’ యని పేరిడెను. వజ్రమువంటిదని యర్థమిచ్చు జర్మను మాటల కుదింపే ఆ పేరు. ఆవల 1928లో క్రుప్‌తో ఒడంబడిక చేసికొని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఏమిచేసెనో చూడుడు: పౌను 50 డాలర్ల ప్రాంతమున నున్న సరకును 453 డాలర్లకు పెంచి యమ్మెను! 1948లో న్యూయార్కు న్యాయస్థానము ఆ కంపెనీని దోషిగా నిర్ణయించినది. చిన్నవస్తువు ఒకరి గుప్పిట జిక్కినచో పెద్ద పరిశ్రమలకే గొంతు పట్టుకొనినట్లగునని నాడే తేలిపోయినది.

నేడు ఆ గుప్పిట చీనాది. ప్రపంచమున గనులనుండి వచ్చు టంగ్‌స్టనులో నూటికి ఎనుబది పాళ్ల ప్రాంతము ఆ దేశముననే పుట్టుచున్నది. 2025 ఫిబ్రవరి 4వ తేదీన చీనాప్రభుత్వము టంగ్‌స్టను పదార్థముల యెగుమతికి ముందుగా అనుమతి పొందవలెనని శాసించినది. ఆ సంవత్సరముననే ధర మిక్కిలి పెరిగినది. ఇందు చీనాను తిట్టి ప్రయోజనము లేదు. తన సొత్తును తాను కాచుకొనినది. 1944లో పోర్చుగలు జర్మనీకి ఈ ఖనిజము నాపివేసినప్పుడును ఇదే పాఠము.

మనకు గనులు లేవా? రాజస్థానములోని డేగానా కొండలో రెండు ప్రపంచయుద్ధముల కాలమునను ఖనిజము త్రవ్విరి. 1990 దశకమున ఆ గని మూతపడినది. ఆంధ్రప్రదేశమునందలి బాలేపాళ్యం క్షేత్రము వేలమునకు వచ్చినది. కాని వేలము వేరు, లోహము వేరు. మదుర సమీపమున నాయక్కర్‌పట్టి క్షేత్రమును 2024లో వేలము వేయగా, అరిట్టాపట్టి మొదలైన గ్రామముల ప్రజలు తమ కొండలకును, చెరువులకును, ప్రాచీన శాసనములకును ముప్పు వచ్చునని లేచి నిలిచిరి. 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ వేలమును రద్దుచేయవలసి వచ్చెను. ఆ గ్రామస్థుల పట్టుదల న్యాయమైనదనియే మా యభిప్రాయము. గని త్రవ్వుటకు ముందు, త్రవ్వితెచ్చినదానిని దాచుకొనుట నేర్వవలదా?

లెక్క చూతము. సి.ఎన్.ఎం.జి. 120408 అని పెట్టెపై నుండు బిళ్ల మన కార్ఖానాలలో మిక్కిలి వాడుకలో నున్నది. అది ఎనుబది డిగ్రీల కోణము గల సమచతుర్భుజము; అంచు 12 మిల్లీమీటర్లకు పైచిలుకు, బరువు సుమారు తొమ్మిది గ్రాములు. అందులో నూటికి ఎనుబది పాళ్లు టంగ్‌స్టనే. గనిలోని రాతియందో, సామాన్యముగా నూటికి ఒక పాలైనను ఉండదు! అనగా ఒక బస్తా అరిగిన బిళ్లలు వందబస్తాల రాతికి తీసిపోవు. ఆస్ట్రియాదేశమునకు మిట్టర్‌జిల్‌లో సొంత గని యున్నది. అయినను అచ్చటి కర్మాగారము వాడిన బిళ్లలను కరగించి తిరిగి పొడి చేయుచున్నది. గని గలవాడే తుక్కు నేరుకొనుచుండగా, గని లేని మనము పారవేయుట యెట్టి దర్జా?

తిరిగి పొడి చేయు విద్య దుర్లభమైనది కాదు. కరగిన జింకులో బిళ్లలను వేసినచో అది కోబాల్టుతో కలసి బిళ్లను ఉబ్బించి విడగొట్టును. పిదప జింకును ఆవిరిగా తీసివేయగా కార్బైడు పొడి మిగులును. మనదేశమునను ఈ పని చేయువారు లేకపోలేదు. వారికి చాలినంత సరకు అందవలెను. చిన్న కార్ఖానాదారుడు నెలకు అరకిలో తుక్కుతో ఎచ్చటికి పోగలడు? ఆటోనగరముల సంఘములు ఉమ్మడిగా కూడబెట్టి, తూచి, వేలమువేసి అమ్మవలెను. ఆ పొడి దేశమున నిలుచునట్లు ప్రభుత్వము తుక్కు యెగుమతిపై కట్టుబాటు చేయవలెను. ధర తగ్గునన్న భయము యజమానులకు కలుగవచ్చును. ఆ లోటును కొంత ప్రభుత్వమే భరించుట న్యాయము.

మరి యొకమాట. పైన చెప్పిన బిళ్లకు ఇరువైపుల కలిపి నాలుగు మూలలు పనికివచ్చును. తొందరలో మూడు వాడి నాలుగవది మరచువారు కలరు. వాడిన మూలపై రంగుచుక్క పెట్టినచో ఈ నష్టము పోవును. ప్రతి లేతు ప్రక్కను మూతగల డబ్బా యొకటి యుంచి, కార్బైడు బిళ్లలనే అందు వేయవలెను. హైస్పీడు స్టీలు ముక్కలు గాని, పింగాణి జాతి సెరామిక్ బిళ్లలు గాని కలిసినచో కొనువాడు ధర తెగ్గోయును. మా చదువరులలో కార్ఖానాలు గలవారు ఈ వారముననే డబ్బా పెట్టి, నెలాఖరున తూచిన బరువెంతయో మాకు తెలిపినయెడల ఈ పత్రికలో ప్రకటింతుము.