వీణ లైబ్రరీని గిగాబైట్లతో తూచవద్దు

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని షార్ట్ ఫిల్ములకు, భక్తి పాటలకు సంగీతం కూర్చే కుర్రాళ్లు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. వారిలో ఒకరు ఈమధ్య నన్ను అడిగారు: "ఇరవై గిగాబైట్ల వీణ లైబ్రరీ కొననా, నాలుగు గిగాబైట్లది సరిపోతుందా?" పెద్దదైతే మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ నమ్మకం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క, కాస్త భౌతికశాస్త్రం కావాలి.

శాంపిల్ లైబ్రరీ అంటే రికార్డు చేసిన స్వరాల గిడ్డంగి. కళాకారుడు స్టూడియోలో ఒక్కో స్వరాన్నీ విడిగా వాయిస్తాడు. తర్వాత మనం కీబోర్డు మీద కీ నొక్కితే ఆ రికార్డింగే పలుకుతుంది. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కోదానికి 24 బిట్లు, రెండు ఛానళ్లు అనుకుంటే సెకను శబ్దానికి 2,88,000 బైట్లు అవుతాయి. 30 స్వరస్థానాలను నాలుగు స్థాయుల బలంతో, ఒక్కో స్థాయిలో నాలుగేసి సార్లు, ఆరు రకాల మీటుతో వాయిస్తే 2,880 రికార్డింగులు. ఒక్కోటి అయిదు సెకన్లయితే మొత్తం నాలుగు గంటల శబ్దం, నాలుగు గిగాబైట్ల పైచిలుకు. ఇదే వాదనాన్ని అయిదు చోట్ల మైకులు పెట్టి పట్టారనుకోండి, లైబ్రరీ ఇరవై గిగాబైట్లు దాటుతుంది. వాయించింది మాత్రం అదే నాలుగు గంటలు. వీణ గురించి కొత్తగా తెలిసింది ఏమీ లేదు, గది గురించి తప్ప.

అలాగని ఈ సంఖ్యలన్నీ దండగ కాదు. నాలుగు స్థాయుల బలం ఎందుకు కావాలో అర్థం కావాలంటే సి.వి. రామన్ దగ్గరికి వెళ్లాలి. తీగను ఏ బిందువు దగ్గర మీటుతామో, ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు వినబడకూడదని యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ నియమం. వీణ, తంబురాలలో అవి కూడా బలంగా వినిపిస్తాయని రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. కారణం వాటి బ్రిడ్జి. గిటారులో లాగా తీగ ఒక పదునైన అంచు మీద ఆగదు, కాస్త వంపుగా ఉన్న పైభాగాన్ని తాకుతూ, వదులుతూ కంపిస్తుంది. కాబట్టి కంపనం పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి నాదం స్వభావమే మారుతుంది. గట్టిగా మీటిన వీణ శబ్దాన్ని వాల్యూమ్ తగ్గించి వినిపిస్తే అది మెల్లగా మీటిన వీణ కాబోదు. అందుకే నేనైతే మైకుల సంఖ్య కన్నా బలం స్థాయులకే ముందు విలువిస్తాను.

అసలు చిక్కు గమకం. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరస్థానాల పైకి వెళ్లవచ్చు. అప్పుడు తీగ బిగువు పెరుగుతుంది, శ్రుతి పెరుగుతుంది. కుండ మాత్రం అదే కుండ, దాని చెక్క అదే చెక్క, అది బలపరిచే పౌనఃపున్యాలు కదలవు. మామూలు శాంప్లర్ చేసే పని వేరు. నాలుగు స్థానాలు పైకి వంచమంటే రికార్డింగునే దాదాపు 26 శాతం వేగంగా నడుపుతుంది. తీగతో పాటు కుండ ప్రతిధ్వని, మీటినప్పటి గోటి చప్పుడు కూడా అంతే పైకి జరుగుతాయి. వినేవారికి వీణ ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టు ఉంటుంది. చెవి ఈ మోసాన్ని పట్టేస్తుంది, ఏం జరిగిందో చెప్పలేకపోయినా సరే.

పాశ్చాత్య వయొలిన్ లైబ్రరీలు ఈ సమస్యకు ఒక దారి చూశాయి. స్వరాలతో పాటు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడాన్ని కూడా విడివిడిగా రికార్డు చేశాయి. ఆ సంగీతానికి అది చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ స్వరం చేరుకోవలసిన చోటు. తోడిలో గాంధారాన్ని తీసుకోండి. కదలకుండా నిలబెడితే అది తోడి అనిపించదు, ఆ ఊగిసలాటే గాంధారం. ఊగే వేగం కాలప్రమాణాన్ని బట్టి, ముందూ వెనకా ఏముందన్నదాన్ని బట్టి మారుతుంది. ఇన్ని రకాలూ రికార్డు చేసి పెట్టడం ఏ గిడ్డంగికీ సాధ్యం కాదు. కొన్ని లైబ్రరీలు తయారు సంచారాలను రికార్డు చేసి ఇస్తాయి. అవి వినసొంపుగానే ఉంటాయి గానీ, మీ పాట వాటి వెనక నడవాలి.

ఇంకో దారి, శబ్దాన్ని దాచిపెట్టకుండా తీగ కదలికనే గణితంతో లెక్కగట్టడం. మీటిన తీగకు కార్ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ఒక సులువైన పద్ధతిని ప్రచురించారు. ఇలాంటి నమూనాలో బిగువు మారితే శ్రుతి ఒక్కటే మారేలా చేయవచ్చు, కుండను విడిగా ఉంచవచ్చు. కొన్ని మెగాబైట్లు చాలు. ఒక్క స్వరం పక్కన ఒక్క స్వరం పెట్టి పోల్చితే మంచి శాంపిలే గెలుస్తుందని ఒప్పుకుంటాను. గమకంలో మాత్రం నా ఓటు నమూనాకే.

సినిమా సన్నివేశం వెనక నిలకడగా సాగే తీగవాద్యాల శ్రుతి కావాలంటే ఇంత గొడవ అక్కర్లేదు, చవకైన లైబ్రరీ చాలు. ముందుండి రాగం పలకాల్సిన వీణ అయితే ఊరుకోలేం. సచ్చు వీణనే రోజూ వింటూ పెరిగిన పిల్లలకు ఒకే పనస మొద్దులోంచి చెక్కిన బొబ్బిలి వీణ పలికే తీరు వింతగా తోచే రోజు వస్తుంది. లైబ్రరీకి పెట్టే డబ్బుతో ఒక వైణికుడిని రెండు గంటలు పిలిపించుకోవచ్చేమో కూడా ఒకసారి లెక్క చూసుకోండి.

కొనాలనే అనుకుంటే, ముప్పై వాద్యాలు కలిసి మోగే డెమో పాటను నమ్మకండి, అందులో అన్నీ కలిసిపోతాయి. ట్రయల్ ఉంటే దించుకుని, ప్రతిధ్వని ఆపేసి, ఒకే స్వరాన్ని ఎనిమిది సార్లు త్వరత్వరగా వాయించండి. ఎనిమిదీ అచ్చు ఒకేలా పలికితే ఒకటే రికార్డింగు తిరుగుతోందని అర్థం. తర్వాత బాగా మెల్లగా మీటి, స్వరం తనంతట తాను ఆరిపోయేదాకా వినండి. చివర్లో పిచ్ బెండ్ చక్రం మీద చెయ్యి పెట్టి, విలంబంలో తోడి గాంధారం పట్టుకోవడానికి చూడండి. ఆ తర్వాత ధర అడగండి.