బొగ్గు దుమ్ము తుడిచింది చాలు, ఇక లెక్క అడుగుదాం

విశాఖ పాతనగరం వాసులకు విజ్ఞప్తి



పొద్దున్న కడిగిన గచ్చు మీద మధ్యాహ్నం నడిస్తే అరికాళ్లు నల్లబడుతున్నాయి. డాబా మీద ఆరేసిన తెల్ల యూనిఫాం దులపనిదే పిల్లలకు తొడగలేకపోతున్నాం. తులసి ఆకు మీద వేలు పెట్టి రాస్తే మసి. వన్‌టౌన్‌లో, జ్ఞానాపురంలో, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల ఇది ఎవరికీ కొత్త కాదు. రేవు పక్కన ఇల్లు కట్టుకున్నాక తప్పుతుందా అని మనకు మనమే సర్దిచెప్పుకుంటూ వస్తున్నాం.

గుడ్డతో తుడిస్తే పోయేది గచ్చు మీది దుమ్ము. పీల్చిన దుమ్మును ఏ గుడ్డతో తుడుస్తాం?

కనిపించేది కొంత, కనిపించనిది కొంత

బొగ్గు నుసిలోని పెద్ద రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. తుమ్ములు, గొంతు మంట, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం వీటివల్లే. అంతకన్నా ప్రమాదం సన్న రేణువులతో. 2.5 మైక్రాన్లకు మించని ఇవి వెంట్రుక మందంలో సుమారు ముప్ఫయ్యో వంతు. లారీల డీజిల్ పొగ, ఓడల పొగ, ఫ్యాక్టరీల పొగగొట్టాలు, వీధి చివర తగలబెట్టే చెత్త... ఎక్కువగా వీటినుంచే పుడతాయి. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతాయి. మరీ సన్నవి రక్తంలో కలుస్తాయి. ఏళ్ల తరబడి పీలిస్తే రక్తనాళాలు లోలోపల వాచి గట్టిపడతాయి, రక్తం త్వరగా గడ్డకడుతుంది.

అందుకే ఇది దగ్గుతో పోయే బాధ కాదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెట్లెక్కితే రొప్పు వచ్చే సీఓపీడీ, అన్నిటికీ దీనితో సంబంధం ఉంది. గర్భిణి పీలిస్తే బిడ్డ బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టే ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను, 2013లో బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

అమెరికాలో ఆరు ఊళ్లలో ఎనిమిది వేలకు పైగా జనాన్ని 14 నుంచి 16 ఏళ్లపాటు గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. సిగరెట్ అలవాటు లాంటివాటిని లెక్కలోంచి తీసేశాక కూడా, గాలి బాగా చెడిన ఊళ్లో మరణాల రేటు శుభ్రమైన ఊరికంటే 26 శాతం ఎక్కువ తేలింది.

రోజు లెక్క వేరు, ఏడాది లెక్క వేరు

ఫోన్‌లో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) చూసి "ఇవాళ ఫర్వాలేదు" అనుకుంటాం. సన్న రేణువులు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ఆ రోజు గాలి సంతృప్తికరమనే చూపిస్తారు. ఏడాది సగటు మాత్రం 40 దాటకూడదన్నది మన దేశపు నిబంధనే. అంటే రోజూ 50 చొప్పున పీల్చే వీధికి ఒక్క రోజు కూడా హెచ్చరిక రాదు. ఏడాది తిరిగేసరికి మాత్రం పరిమితి దాటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన ఏడాది హద్దయితే 5 మాత్రమే.

పైగా అటు కైలాసగిరి, ఇటు యారాడ కొండ, మధ్యలో మన ఊరు. శీతాకాలం రాత్రుళ్లు గాలి కదలదు, పొగ ఇళ్ల మీదే తిష్ట వేస్తుంది.

రేవు మూయమనట్లేదు

కళాసీ కూలి మీద, లారీ కిరాయి మీద లేచిన ఇళ్లు ఈ వీధుల్లో ఎన్నో. ఆ దుమ్ము అందరికంటే ముందు మింగేది ఆ కార్మికులే. డ్యూటీలో ఒకసారి, ఇంటికొచ్చాక ఇంకోసారి. కాబట్టి కూలికీ ఊపిరికీ మధ్య తగువు పెట్టేవాళ్ల మాట వినకండి. గాలి బాగుపడితే ఒళ్లూ బాగుపడుతుంది: దక్షిణ కాలిఫోర్నియాలో కాలుష్యం తగ్గిన కొద్దీ పిల్లల ఊపిరితిత్తులు ఇంకా బాగా ఎదిగాయని 2015లో తేలింది.

మన డిమాండ్లు

1. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019లో మొదలైంది. అందులో విశాఖ కూడా ఉంది. 2017తో పోల్చి 2025-26 నాటికి దుమ్ము రేణువులను 40 శాతం దాకా తగ్గించాలన్నది దాని లక్ష్యం. మన వీధుల్లో ఎంత తగ్గిందో చెప్పాలంటే మన వీధుల్లోనే కొలవాలి. రేయింబవళ్లు కొలిచే యంత్రం పాతనగరంలో పెట్టాలి. రీడింగు జంక్షన్‌లో బోర్డు మీద కనపడాలి.

2. యార్డు ఎవరిదైనా సరే, బొగ్గు కప్పున్న షెడ్లలోనే ఉండాలి. కన్వేయర్ బెల్టులు మూసి ఉండాలి. టార్పాలిన్ కట్టకుండా, చక్రాలు కడగకుండా లారీ గేటు దాటకూడదు.

3. రోడ్లను పొడి చీపుళ్లతో ఊడ్చి దుమ్ము లేపడం మానాలి. పీల్చే యంత్రాలతో తీయాలి. చెత్త తగలబెట్టడం ఆపాలి.

4. బడి పిల్లలకు, రేవు కార్మికులకు, పారిశుధ్య కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్ష ఉచితంగా చేయాలి. వార్డులవారీగా ఫలితాలు బయటపెట్టాలి.

ఇది దయ కోసం చాచే చెయ్యి కాదు. శుభ్రమైన గాలి, నీరు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది.

ఈలోగా మన జాగ్రత్త

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దుమ్ము వల్లేలే అని వదిలేయకండి, ముందు టీబీ పరీక్ష చేయించుకోండి. చినవాల్తేరు ఛాతీ ఆస్పత్రి మన ఊళ్లోనే ఉంది. ఆస్తమాకు ఇన్‌హేలర్ రాస్తే వాడండి, అది వ్యసనం కాదు. ఇల్లు తడిగుడ్డతో తుడవండి. లారీల రద్దీలో ఎన్95 మాస్కు కట్టండి, చేతిరుమాలు సన్న రేణువులను ఆపలేదు.

సోమవారం రండి

వచ్చే సోమవారం పొద్దున్న 9 గంటలకు కాన్వెంట్ జంక్షన్‌లో కలుద్దాం. అక్కడినుంచి కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీలిద్దాం. ఇంటికొకరు రండి. ఆస్పత్రి చీటీలుంటే జిరాక్సులు తెచ్చుకోండి. అర్జీకి రసీదు తీసుకోనిదే కదలొద్దు. అదే రోజు గాలి కొలతల లెక్కలడుగుతూ సమాచార హక్కు దరఖాస్తు వేద్దాం. రుసుము పది రూపాయలు, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. వచ్చిన జవాబును ప్రతి వీధిలో గోడకు అంటిస్తాం. రాకపోతే అప్పీలుకు వెళ్తాం.

చదివాక ఈ కాగితం పారేయకండి, పక్కింటికి ఇవ్వండి.

బొగ్గుకు కప్పు కావాలి! మా గాలికి లెక్క కావాలి!

ఇట్లు,
పాతనగరం నివాసులు