జాప్యానికి వెల కట్టేది ఎవరు?

పెద్దపల్లి నుండి కరీంనగర్, జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాద్ చేరే రైలుమార్గానికి 1993లో ప్రధాని పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. ఆ మార్గం పూర్తయింది 2017లో. సుమారు 178 కిలోమీటర్లకు 24 ఏళ్లు! ఆనాడు పుట్టిన బిడ్డ గల్ఫ్ వీసాకు ఈడొచ్చిన తర్వాతగాని మార్గం పూర్తికాలేదు.

సిరిసిల్ల గతి మరీ హీనం. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం 2006-07లోనే మంజూరైంది. 151 కిలోమీటర్లకు అంచనా 1,160 కోట్లు. శంకుస్థాపన మాత్రం 2016 ఆగస్టులో. 2023 అక్టోబరులో రైలు వచ్చింది సిద్దిపేట వరకే.

కారణమేమని అడిగితే, రైతులు భూమి ఇవ్వరనీ, 2013 భూసేకరణ చట్టం ఖర్చు పెంచిందనీ జవాబు. రోడ్ల విస్తరణ మాట వస్తే దర్గా అడ్డమనీ, ఖబరస్తాన్ అడ్డమనీ మరో పాట. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2014 జనవరి 1న. అంతకుముందు చేతిలో ఉన్న ఏడేళ్లలో రైతుకు న్యాయమైన ధర చెల్లించి భూమి తీసుకోవద్దని ఎవరన్నారు?

ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసినవాడికి అసలు రహస్యం పద్దుల్లోనే కనిపిస్తుంది. పని పదేళ్లకు సరిపడా మంజూరు చేస్తారు, డబ్బు పిడికెడు విదిలిస్తారు. బిల్లు రాక గుత్తేదారు యంత్రాలు తరలించుకుపోతాడు. పోసిన కట్ట వానలకు కోసుకుపోతుంది. సిబ్బంది జీతాలు మాత్రం ఆగవు. ఈలోగా ధరలు మారతాయి, సవరించిన అంచనా తయారవుతుంది, ఫైలు మళ్లీ మొదటి మెట్టెక్కుతుంది. వ్యయంలో మూడోవంతు రాష్ట్రానిదైతే ఎదురుచూడవలసిన ఖజానాలు రెండు.

మనవాళ్లు చెమటోడ్చే దుబాయిలో మెట్రో పనులు 2006లో మొదలై, 2009 సెప్టెంబరులో రైలు నడిచింది. అక్కడా వ్యయం పెరిగింది. కార్మికునికి నోరూ లేదు, ఆ పద్ధతి మనకు వద్దు. కాని మొదలుపెట్టినదాన్ని దశాబ్దాల తరబడి సాగదీయలేదు.

ఇదే రోగం మన పిల్లల బడులకూ పట్టింది. 2016 నుండి వెలసిన మైనారిటీ గురుకులాలలో అధికభాగం అద్దె కొంపల్లోనే నడుస్తున్నాయి. నెలనెలా అద్దెకు దొరికే డబ్బు గోడలకు దొరకదు! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మిత్రులు ఇకపై వినతిపత్రాలతో, దండలతో సరిపెట్టుకోవద్దు. స్థలం ఎప్పుడు కేటాయించారు, పరిపాలనా అనుమతి ఏ తేదీది, ఏ సంవత్సరం ఎంత విడుదలైంది, ఇంతవరకు అద్దె ఎంత కట్టారు — సమాచార హక్కు చట్టం కింద ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. వచ్చిన జవాబులను జుమా నాడు మసీదు బయట పదిమందికి చదివి వినిపించండి.