భోజనం మానుకుని విన్న పాఠం

రసాయనశాస్త్రవేత్త విలియం హెన్రీ పెర్కిన్ పేరు చెప్పగానే ఎవరికైనా ఊదా రంగు గుర్తొస్తుంది. మాకు ముందు గుర్తొచ్చేది థామస్ హాల్. సిటీ ఆఫ్ లండన్ స్కూల్లో ఉపాధ్యాయుడాయన. రసాయనశాస్త్రాన్ని వారానికి రెండు రోజులు, మధ్యాహ్న భోజన విరామంలో చెప్పేవారు. పెర్కిన్ తిండి మానుకుని మరీ వెళ్లేవాడు, ప్రయోగాలకు కావలసినవన్నీ సర్దిపెట్టేవాడు. ప్రసిద్ధ శాస్త్రవేత్త ఫారడే ఉపన్యాసాలు వింటానని ఫారడేకే ఉత్తరం రాయమన్నది హాలే. కొడుకును ఆర్కిటెక్టును చేయాలనుకున్న తండ్రితో పలుమార్లు మాట్లాడి ఒప్పించిందీ ఆయనే. ఇలాంటి పంతుళ్లను చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

1853లో, 15 ఏళ్లకు పెర్కిన్ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో రసాయనశాస్త్రవేత్త హాఫ్‌మన్ దగ్గర చేరాడు. మలేరియా మందు క్వినైన్‌ను కృత్రిమంగా తయారుచేయవచ్చన్న ఊహ హాఫ్‌మన్‌దే. 1856 ఈస్టర్ సెలవుల్లో, తూర్పు లండన్‌లోని ఇంట్లో అమర్చుకున్న చిన్న ప్రయోగశాలలో 18 ఏళ్ల శిష్యుడు ఆ పనికి పూనుకున్నాడు. క్వినైన్ రాలేదు, ఎర్రటి మడ్డి వచ్చింది. ఎందుకలా అయిందో చూద్దామని, మొదట వాడిన పదార్థం కన్నా సరళమైన అనిలీన్ తీసుకుని పొటాషియం డైక్రోమేట్‌తో మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి మిగిలింది నల్లటి ముద్ద. పారబోయకుండా ఎండబెట్టి ఆల్కహాల్‌లో వేస్తే ఊదా రంగు దిగింది. పట్టుగుడ్డకు పట్టిస్తే ఉతికినా, ఎండకు పెట్టినా పోలేదు.

దీన్ని అదృష్టం ఖాతాలో వేయడం మాకు నచ్చదు. చెడిన ప్రయోగం ఎందుకు చెడిందో తెలుసుకునేందుకు మరో ప్రయోగం చేసే బుద్ధి మంచి గురువు దగ్గర అబ్బుతుంది. అయితే ఆ సెలవుల్లో గురువు పక్కన లేకపోవడమూ మేలే అయింది. క్వినైన్‌ను వదిలి రంగు వెంట పడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఆగస్టులో ఆ రంగుకు పేటెంటు తీసుకుని, కాలేజీ వదిలి రంగుల ఫ్యాక్టరీ పెడతానంటే హాఫ్‌మన్ నొచ్చుకున్నారు. మంచి పరిశోధకుడు చేజారిపోతాడన్న ఆయన బాధలో నిజముంది. శిష్యుడి తెగింపును తప్పుపట్టనూ లేం. అప్పుడు అండగా నిలిచింది, ఒకప్పుడు ఈ చదువే వద్దనుకున్న తండ్రి. కూడబెట్టిన డబ్బు తెచ్చి ఫ్యాక్టరీలో పెట్టాడు.

గురువు భయపడినట్టు పెర్కిన్ పరిశోధన మానలేదు. ఫ్యాక్టరీ నడుపుతూనే 1868లో కూమరిన్ అనే సువాసన పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. 1874లో, 36 ఏళ్లకే వ్యాపారం అమ్మేసి పూర్తిగా పరిశోధనకే వచ్చేశాడు.