తొట్టి చిన్నదైతే చాకిరీ పెద్దది

ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో గోడంత టీవీ, దాని పక్కన చేపల తొట్టి కనిపిస్తున్నాయి. అదీ మన చిన్నప్పటిలా గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్‌లు కాదు. ఉప్పునీటి అక్వేరియం! నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న క్లౌన్ ఫిష్, ముదురు నీలంరంగు టాంగ్... 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చినప్పటినుంచీ పిల్లలకి వీటిమీద మోజు. ఆనాటి పిల్లలే ఇవాళ సొంత ఇళ్ళు కట్టుకుంటున్నారు కాబట్టి ఆ మోజు కాస్తా తొట్టి అయి హాల్లో కూర్చుంది.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కాదనను. కానీ ఆ తొట్టి ఎంతుండాలి, అందులో ఏ చేపలుండాలి అన్నది ఎవరు తేలుస్తున్నారు? సోఫాకీ టీవీకీ మధ్య మిగిలిన జాగా కొంతా, దుకాణదారు మాట కొంతా, “అది కావాలి, ఇది కావాలి” అంటూ పిల్లలు చూపించే వేలు కొంతా. రోజూ దాని బాగోగులు చూడాల్సిన మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఆ మనిషి ఎవరో మీకు వేరే చెప్పాలా? మొదటి వారం ఇంటిల్లిపాదీ తొట్టి ముందే. మూడో వారానికల్లా గాజు తుడిచేదీ, మేత వేసేదీ, నీళ్ళు మార్చేదీ ఇల్లాలే. అందుకే ఈ సంగతి మన ఆడవాళ్ళం మాట్లాడుకోవాల్సిందే అంటాను.

“ముందు చిన్నది తీసుకోండి మేడమ్, అలవాటయ్యాక పెద్దది కొనుక్కుందురుగాని.” దుకాణంలో వినిపించే మొదటి మాట ఇదే. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. చిన్న గిన్నె తోమడం తేలిక కదా, చిన్న తొట్టీ అంతే అనుకుంటాం. ఉప్పునీటి విషయంలో ఈ లెక్క తలకిందులు.

ఎలాగంటారా? తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి, మూడింటినీ గుణించి, దాన్ని 28తో గుణిస్తే సుమారుగా ఎన్ని లీటర్లు పడతాయో వస్తుంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో 56 లీటర్లు. ఇసుక, రాళ్ళు పోగా నికరంగా మిగిలేది 50 అనుకోండి. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉన్నదానిలో 189 లీటర్లు.

సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల వరకూ ఉప్పుంటుంది. ఎండాకాలం పూట నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. 50 లీటర్లలో 2 లీటర్లు ఇగిరిపోతే మిగిలిన నీటిలో ఉప్పు 36.5 గ్రాములకి చేరుతుంది. అవే 2 లీటర్లు పెద్ద తొట్టిలో ఇగిరితే 35.4 కూడా దాటదు. పులుసు చిన్న గిన్నెలో మరిగితే ఎంత తొందరగా ఉప్పెక్కుతుందో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చిన్న తొట్టి ఉన్న ఇల్లాలు రెండ్రోజులు పుట్టింటికి వెళ్ళి రావాలన్నా భయపడాల్సిందే. అన్నట్టు, ఇగిరిన మేరకి పోయాల్సింది మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు కావు. ఉప్పునీళ్ళే పోస్తూ పోతే ఉప్పుమీద ఉప్పు చేరుతుంది.

వేడి సంగతీ అంతే. ఈ చేపలకి 25, 26 డిగ్రీల నీళ్ళు హాయి. మన విజయవాడ, రామగుండం ఎండలు చూశారు కదా! కరెంటు పోయిన మధ్యాహ్నం చిన్న తొట్టిలో నీళ్ళు ఇట్టే వేడెక్కుతాయి. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పెద్ద తొట్టి నిదానంగా వేడెక్కుతుంది. ఇన్వర్టర్‌కి గాలి పంపు ఒక్కటి తగిలించుకుంటే గండం గడుస్తుంది. మేత కాస్త ఎక్కువ పడ్డా, చేప ఒకటి చచ్చి రాళ్ళ చాటున కుళ్ళినా, ఆ విషాన్ని తట్టుకునే నీళ్ళు పెద్దదానిలోనే ఉంటాయి.

అందుకని నా మటుకు నాకు, కొత్తవాళ్ళు 3 అడుగుల తొట్టికి తక్కువ ఆలోచించకూడదనిపిస్తుంది. దానికి ఖర్చెక్కువ, నిజమే. బరువూ ఎక్కువే. నీళ్ళే 189 కిలోలు, గాజు, ఇసుక, రాళ్ళు, స్టాండు కలిస్తే 250 కిలోలు దాటుతుంది. గట్టి స్టాండు వేయించి, బాల్కనీలో కాకుండా గోడవారగా, ఎండ పడని చోట పెట్టించుకోవాలి. కానీ నీళ్ళు మార్చే పని చూడండి. పది పదిహేను రోజులకోసారి పదోవంతు మారిస్తే చాలు. అంటే మన ఇళ్ళకొచ్చే 20 లీటర్ల క్యాను ఒకటి, అక్వేరియం ఉప్పు 700 గ్రాములు. వంటింట్లో ఉప్పు మాత్రం వేయకండి. సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లాంటివి అందులో ఉండాల్సినంత ఉండవు.

మరో మాట. తొట్టీ చేపలూ ఒకేరోజు ఇంటికి తెచ్చుకోవద్దు. పాలు పొయ్యగానే పెరుగవుతుందా? తోడు వెయ్యాలి, కదపకుండా ఉంచాలి. ఇదీ అలాంటిదే. చేపల మలమూత్రాలనుంచి వచ్చే అమ్మోనియా వాటికి విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులు ఇసుకలో, రాళ్ళలో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోవాలి. పిల్లలకి ఓపిక నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది చెప్పండి?

ఇక చేపల పొత్తు. మనుషుల పెళ్ళిళ్ళకి జాతకాలు, గుణగణాలు, అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూస్తాం. చేపలకి రంగు చూసి కలిపేస్తాం! మాకు తెలిసినవాళ్ళింట్లో 2 అడుగుల తొట్టిలో లయన్ ఫిష్ పిల్లనీ, క్లౌన్ ఫిష్‌లనీ కలిపి వేశారు. అమ్మినతను “ఏం పర్వాలేద”న్నాట్ట. నెల తిరక్కుండా లయన్ ఫిష్ ఒక్కటే మిగిలింది. నోట్లో పట్టేదాన్నల్లా మింగడం దాని నైజం. దాని తప్పేముంది? ఆ ఇంటి పాప మాత్రం రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. పైగా దాని వెన్నుముళ్ళలో విషం ఉంటుంది. తొట్టిలో చెయ్యి పెట్టి శుభ్రం చేసేది ఎవరో గుర్తుంచుకోండి.

సినిమాలో డోరీగా నవ్వించిన నీలం టాంగ్ దుకాణంలో రెండంగుళాలే ఉంటుంది. పెరిగితే అడుగు. రోజంతా ఈదే చేప, దానికి 6 అడుగుల తొట్టి కావాలి. “తొట్టిని బట్టే చేప పెరుగుతుంది లెండి” అంటారు. అది పెరగడం మానడం కాదు, కుంగిపోవడం. ఇరుకులో బెదిరిన టాంగ్‌కి తెల్లమచ్చల జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. చవకగా దొరికే డామ్సెల్ చేపలు గట్టివే గానీ మహా గయ్యాళివి. ముందుగా వాటిని వేస్తే తొట్టంతా తమదే అనుకుని తర్వాత వచ్చినవాటిని తరిమి తరిమి చంపుతాయి. మాండరిన్ చేప అందగత్తె. కానీ కంటికి ఆనని ప్రాణమున్న పురుగుల్ని తప్ప మామూలు మేత ముట్టడం అరుదు. కొత్త తొట్టిలో వేస్తే ఆకలితో మాడిపోతుంది.

మరి ఏవి వేసుకోవాలి? 3 అడుగుల తొట్టికి ఒకే జాతి క్లౌన్ ఫిష్ జంట, ఒక ఫైర్ ఫిష్, ఇసుకలో తిరిగే చిన్న గోబీ ఒకటి, శుభ్రం చేసే రొయ్య ఒకటి. అంతే. చేపకింత అని అంగుళాలు లెక్కగట్టే మంచినీటి చేపల సూత్రం ఇక్కడ పనికిరాదు. సాధువుల్ని ముందు, పెత్తనం చేసేవాటిని తర్వాత, రెండు మూడు వారాల ఎడంతో వేయాలి. అంటే ఫైర్ ఫిష్, గోబీ ముందు, క్లౌన్ జంట చివర. ఫైర్ ఫిష్ బెదిరితే బయటికి దూకుతుంది, మూత తప్పనిసరి. క్లౌన్ ఫిష్‌లలో తమాషా తెలుసా? అన్నీ మగవిగానే ఎదుగుతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది, ఆ కాపురంలో పెత్తనం ఆవిడదే! వాటికి సముద్రపుష్పం కూడా కావాలని అమ్మజూపుతారు. అది లేకుండానే అవి సుఖంగా బతుకుతాయి. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్ళయినా ఉంటాయి.

పగడాలూ, సముద్ర గుర్రాలూ తెచ్చిపెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దిబ్బలు కట్టే పగడాలనీ సముద్ర గుర్రాలనీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. హాల్లో అందానికి జైలు గొడవ ఎందుకు? క్లౌన్ ఫిష్ అయినా సముద్రంలో పట్టినవి కాకుండా పెంపకంలో పుట్టినవి అడిగి తీసుకోండి. మండపం, విళింజం కేంద్రాల్లో మన శాస్త్రవేత్తలు వాటిని తొట్టెల్లోనే పుట్టించి పెంచారు. లక్షద్వీప్‌లోని అగత్తిలో ఇలాంటి అలంకరణ జీవుల పెంపకంలో ఆడవాళ్ళకి శిక్షణ కూడా ఇచ్చారు. పెంపకంలో పుట్టినవి మన మేతకి తొందరగా అలవాటుపడతాయి.

ఇంత జాగా, ఇంత ఖర్చు మావల్ల కాదంటారా? అయితే ఉప్పునీటి జోలికి పోకండి. అందులో నామోషీ ఏమీ లేదు. మంచినీటి తొట్టిలో గప్పీలు వేసుకున్నా కళకళలాడుతూనే ఉంటాయి. జానెడు నీళ్ళలో సముద్రపు జీవాన్ని కుక్కి, అది చస్తే ఇంకోటి తెచ్చి, మళ్ళీ చస్తే మళ్ళీ తెచ్చి... అది పిల్లలకి ఏం నేర్పుతుంది? ప్రాణం అంటే బల్బులాంటిదనీ, మాడిపోతే మార్చుకోవచ్చనీ నేర్పుతుంది.

ఈసారి మీ ఇంట్లో తొట్టి మాట వస్తే, “మీరంతా తేల్చుకోండి, నాకేం తెలుసు” అని వంటింట్లోకి వెళ్ళిపోకండి. నీళ్ళు మోసే చెయ్యి మీదైనప్పుడు కొలత టేపు పట్టుకునే చెయ్యీ మీదే కావాలి.